మజిలీ ధర్మము

దూరప్రయాణము చేయువాడు ఎచ్చటెచ్చట ఆగవలయునో ముందుగా నిశ్చయించుకొనుట మన పెద్దలకు తెలియని విద్య కాదు. నడచిపోవువానికి కాళ్ల సత్తువయు, బండిలో పోవువానికి ఎద్దుల సత్తువయు, పల్లకిలో పోవువానికి బోయీల సత్తువయు హద్దులుగా నుండెడివి. ఆ హద్దు వచ్చినచోట మజిలీ. అచ్చట నీళ్లు గలవా, దుకాణము గలదా, దిగుటకు సత్రము గలదా యని విచారింపక బుద్ధిమంతుడెవ్వడును ఇల్లు కదలెడివాడు కాడు. పెట్రోలు బండి వచ్చి ఈ విచారణను మనచేత మఱపించినది. విద్యుత్తుతో నడచు కారు వచ్చి దానిని మరల మనముందు నిలిపినది. ఎక్కడ ఆగవలెను, ఎంత నింపుకొనవలెను, ఎప్పుడు లేచిపోవలెను అను ఈ ప్రశ్నలు యంత్రశాస్త్రమునకు సంబంధించినవని పలువురు తలంతురు. మేమును మొన్నటివఱకు అట్లే తలంచితిమి. ఇవి నడవడికి సంబంధించినవని ఇప్పుడు తోచుచున్నది. ఎట్లు తోచినదో చెప్పుటకు మా తప్పొకటి ముందుగా ఒప్పుకొనవలసియున్నది.

మా నివాసము నెల్లూరికి తూర్పున, మైపాడు సముద్రతీరమునకు దాపున. గడచిన వేసవిలో బంధువుల ఇంట వివాహమునకై సకుటుంబముగా విజయవాడకు పోవలసివచ్చినది. మా కారు బ్యాటరీలో 40 యూనిట్ల విద్యుత్తు పట్టును. జాతీయరహదారిపై మితవేగమున పోయినచో యూనిట్టుకు 6, 7 కిలోమీటర్లు నడచును. ముందునాటి రాత్రి కారును ఇంటి ప్లగ్గునకు తగిలించి పండుకొంటిమి. నడిరేయి కరెంటు పోయి తెల్లవాఱినగాని రాలేదు. లేచి చూచుసరికి నూటికి 70 పాళ్లు మాత్రమే నిండియుండెను. ముహూర్తము మాకొఱకు ఆగునది కాదు. కావలిలో నింపుకొందమని బయలుదేఱితిమి. కావలివద్ద మేము నమ్ముకొన్న యంత్రము చెడియుండెను. సెల్‌ఫోనులోని పటములో మాత్రము అది నిక్షేపముగా పనిచేయుచున్నట్లే యుండెను. అచ్చటినుండి ఎండలో ఏసీని ఆపివేసి, చెమటలు కార్చుకొనుచు, అంకెలు తఱుగుటను చూచుచు పోయితిమి. ఒంగోలు సమీపమున మఱియొక స్టేషను చేరునప్పటికి నూటికి 15 పాళ్లు మిగిలెను. అచ్చట రెండు గన్నులలో ఒకటి పనిచేయుటలేదు. రెండవదానిని మేము తగిలించుకొంటిమి.

నలుబది నిమిషములలో నూటికి 80 పాళ్లు నిండెను. అప్పుడే ఒక కారు వచ్చి మా వెనుక నిలిచినది. అందు ఒక యువకుడును, అతని తల్లియు నుండిరి. చెన్నపట్టణమున వైద్యము చేయించుకొని గుంటూరికి మరలిపోవుచున్నారు. ఆ వృద్ధురాలు సరిగా కూర్చుండలేకుండెను. యువకుడు మాకడకు వచ్చి, “ఇంకా ఎంతసేపు పడుతుందండీ?” అని మర్యాదగా అడిగెను. “ఇంక కొంచెంసేపేనండీ” అంటిమి. అతడును కావలిలో ఆగి, యంత్రము చెడియుండుట చూచి, మావలెనే ఇచ్చటికి వచ్చినాడట. మా కొంచెముసేపు మఱి నలుబది నిమిషములయ్యెను. ఆ కాలమంతయు అతడు తల్లిని వేపచెట్టు నీడను కూర్చుండబెట్టి తువాలుతో విసరుచుండెను. ఒక్క పరుషవాక్యమైనను పలుకలేదు. నూఱు పాళ్లు నిండిన తరువాత మేము లేచితిమి. ఒంగోలునుండి విజయవాడకు సుమారు 150 కిలోమీటర్లు. మేము దిగునప్పటికి బ్యాటరీలో నూటికి 40 పాళ్లు మిగిలియుండెను. అనగా ఆ వృద్ధురాలిని ఎండలో నిలిపి మేము సంపాదించినదంతయు మాకు అక్కఱకు రాకయే మిగిలెను. 80 పాళ్లతోనే లేచియున్నను, 20 పాళ్లు చేతనుంచుకొని సుఖముగా పెండ్లికి చేరియుందుము.

కడపటి 20 పాళ్లు నిండుటకు అంతసేపు పట్టుటకు కారణము తెలియనివారికొఱకు ఒకమాట చెప్పవలెను. చెంబులో నీళ్లు పోయువాడు మొదట ధారాళముగా పోసి, అంచు దగ్గఱపడగానే ధారను సన్నము చేయును. బ్యాటరీ సంగతియు అట్టిదే. నిండుదనము పెరిగి విద్యుత్పీడనము తన పరిమితిని చేరగానే ప్రవాహమును తగ్గింపవలయును. లేనిచో లోపలి కణములు చెడును. కావున మొదటి 60 పాళ్లకు పట్టినంత కాలము తుది 20 పాళ్లకు పట్టుట తఱచుగా జరుగునదే. మితముగా నింపుకొని ముందునకు పోయి, మఱియొకచోట మరల మితముగా నింపుకొనువాడు తానును త్వరగా గమ్యము చేరును, ఇతరులకును త్వరగా చోటిచ్చును. స్వార్థమును పరోపకారమును ఒకే దారిని నడచుట లోకములో అరుదు. ఇచ్చట అట్లే నడచుచున్నవి. ఇంత యెఱిగియు మేము కదలకుండుటకు కారణమేమి?

మేము ముందు వచ్చితిమి గావున ఎంతసేపైనను ఉండుటకు మాకు హక్కు గలదని ఆ దినమున మనస్సు సమాధానము చెప్పుకొన్నది. సొమ్ము చెల్లించితిమి, వరుస తప్పలేదు. చట్టము ప్రకారము దోషము లేదు. కాని హక్కు ఎచ్చటివఱకో ఆంగ్ల తత్త్వవేత్త లాక్ 1689లో ప్రకటించిన గ్రంథమున విచారించియున్నాడు. ఉమ్మడి ప్రకృతిసంపదలోనుండి ఒకడు తన శ్రమచే కొంత తీసికొనవచ్చును. అయితే ఇతరులకును తగినంత మిగులవలెను, తీసికొన్నది తనయొద్ద వ్యర్థము కాకుండవలెను అని అతని నియమములు. ఛార్జింగు యంత్రము ప్రకృతిసంపద కాకపోయినను, ఆ నిమిషములు వచ్చినవారందఱకును ఉమ్మడి. ఆ రెండు నియమములనుబట్టి చూచినను మేము ఓడిపోయితిమి. మన యోగశాస్త్రము యమములలో అపరిగ్రహమును చెప్పినది. అక్కఱకు మించినదానిని కూడబెట్టకుండుట దాని సామాన్యార్థము. ఈ మాటను ఎన్నియో యేండ్లుగా పిల్లలకు బోధించుచున్న మేము, దానిని ఆచరింపవలసిన చోట సెల్‌ఫోను చూచుచు కూర్చుంటిమి.

అయినను మమ్ము లోభులని నిందించిన మాత్రమున వ్యాధి కుదురదు. ఆ 20 పాళ్లను మేము మూట గట్టి అమ్ముకొనదలచినవారము కాము. మమ్ము కూర్చుండబెట్టినది భయము. కావలిలో మోసపోయినవాడు చిలకలూరిపేటను నమ్మడు, గుంటూరును నమ్మడు. మా నెల్లూరు ప్రాంతమున వేసవిలో ఊరూర చలివేంద్రములు వెలయును. బాటసారి నిలిచి దాహము తీర్చుకొని పోవును. కడవ తెచ్చి నింపుకొనిపోవువాని నెవ్వనినైన చూచినచో జనులు నవ్వుదురు. కాని ముందు ఊరి చలివేంద్రమున కుండలు ఎండియున్నవను వార్త పుట్టెనేని, ఆ నవ్వినవారే కడవలు తెత్తురు. వారి స్వభావము ఒక్క పూటలో మాఱలేదు. వారికి గల నమ్మకము పోయినది. లోభమని మనము పిలుచుదానిలో చాలభాగము ఇట్టి భయమేయని మా అభిప్రాయము.

ఇందువలన రెండు కర్తవ్యములు ఏర్పడుచున్నవి. మొదటిది ఏర్పాటు చేయువారిది. కేంద్ర విద్యుచ్ఛక్తి మంత్రిత్వశాఖవారు 2018 డిసెంబరులో ప్రకటించిన మార్గదర్శకములలో, రహదారులకు ఇరుప్రక్కల 25 కిలోమీటర్లకొక స్టేషనును, దూరప్రయాణపు బండ్లకై 100 కిలోమీటర్లకొక అధికశక్తిగల స్టేషనును ఉండవలెనని సూచించిరి. సంకల్పము మంచిది. కాని యంత్రములను నాటి లెక్క చూపినంతమాత్రమున పని ముగియదు. చెడిన యంత్రము లేని యంత్రముకంటె కీడు. లేనిచోట ప్రయాణికుడు ముందే జాగ్రత్తపడును. ఉన్నదని నమ్మి వచ్చి చెడినవాడు, తరువాతి మజిలీలో నావలె ఇతరులను బాధించును. సత్రము కట్టించినవానికి పేరు వచ్చును, సత్రపు బావిలో పూడిక తీయించువానికి రాదు. అయినను దప్పిక తీర్చువాడు రెండవవాడే. నిండిన పిమ్మటగూడ బండిని కదల్పనివారికి కొన్ని దేశములలో అదనపు రుసుము విధించుచున్నారు. అది మేలే. కాని మా తప్పు నిండక పూర్వమే జరిగినది. దానిని ఆ రుసుము పట్టుకొనదు.

రెండవ కర్తవ్యము ప్రయాణికునిది. అతడు తన అక్కఱను సత్యముగా లెక్కించుకొనవలెను. గాలి అడ్డగింపు వేగముయొక్క వర్గమును బట్టి పెరుగును. గంటకు 80 కిలోమీటర్లకు మాఱుగా 100 కిలోమీటర్ల వేగమున పోవువాని బండి ఒకటిన్నర రెట్లకు మించిన అడ్డగింపును తోసికొనిపోవలెను. తొందరపడి పోయినవాడు మజిలీలో ఎక్కువసేపు కూర్చుండి ఇతరులనుగూడ కూర్చుండబెట్టును. సముద్రపుగాలి ఎదురుగా వీచునా, ఎండకు ఏసీ ఎంత తీసికొనును, ఒక స్టేషను చెడినచో రెండవది ఏది అని ముందే చూచుకొన్నవానికి భయము తగ్గును. భయము తగ్గినవానికి ఉదారుడగుట సులభము. ముందుచూపును స్వప్రయోజనముగా మాత్రమే మనము పొగడుచున్నాము. అది పరోపకారముగూడ. ముందు ఆలోచింపనివాని వెలితిని అతని వెనుక నిలిచినవాడు తీర్చవలసివచ్చును.

ఇంకొక ఋణము గలదు. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ద్విభాషిగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో కాశికి బయలుదేఱి 1831 సెప్టెంబరులో ఇల్లు చేరిరి. తిరుగుదారిని సముద్రతీరపు మార్గమున మా నెల్లూరిమీదుగా వచ్చిరి. 1838లో అచ్చయిన వారి కాశీయాత్ర చరిత్రమున, ఏ మజిలీకి ఎంత దూరము, దారి యెట్టిది, నీటివసతి యెట్లున్నది, సామగ్రి దొరకునా, దిగుటకు చోటు గలదా యనునవి వ్రాయబడియున్నవి. యాత్ర ముగించుకొన్నవానికి ఈ లెక్కలతో పనియేమి? అవి వెనుక వచ్చువానికొఱకు. కావలిలో యంత్రము చెడియున్నదని సెల్‌ఫోనులో రెండు మాటలు వ్రాయుటకు మాకు రెండు నిమిషములు చాలియుండెడిది. మేము విసుగుకొని వెడలిపోతిమి. ఆ వేళకు ఆ యువకుడు నెల్లూరి సమీపమున నుండవలెను. మేము వ్రాసియున్నచో నతడు అచ్చటనే నింపుకొని, తల్లిని ఎండలో నిలుపకయే గుంటూరు చేరియుండును. చేసిన తప్పు మా కన్నులయెదుట నున్నందున అది ఆనాడే తెలిసినది. చేయక విడిచిన ఈ తప్పు ఇల్లు చేరిన చాలదినములకుగాని మాకు తట్టలేదు.

ఇది కార్లు కొనగల కలిగినవారి గొడవయని కొందఱనవచ్చును. కాని విద్యుత్తుతో నడచు ఆటోలు మన వీధులలో తిరుగుచున్నవి, బస్సులును వచ్చుచున్నవి. వివాహమునకు పోవు మాకు ఒక గంట ఆలస్యమైనచో అక్షింతలు తప్పును. ఆటో నడపువానికి ఒక గంట పోయినచో ఆనాటి కూలిలో అంతమేర తగ్గును. క్రొత్త వసతి ఊరిలోనికి వచ్చునపుడే దానిని వాడుకొను మర్యాదయు ఏర్పడవలెను. ఆలస్యమైనచో మొఱటుదనమే ఆచారమై పాతుకొనును.

మేము ఇటీవల మరల ఒంగోలు పోయితిమి. అదే స్టేషనులో ఆగితిమి. 80 పాళ్లు నిండినవెంటనే గన్ను తీసి బండిని ప్రక్కకు పెట్టితిమి. అప్పుడు వెనుక ఎవ్వరును లేరు. మా చిన్నవాడు, “ఎవరూ లేరుగా నాన్నా, ఇంకాసేపు ఉంచుకుందాం” అనెను. ఆ మాట నిజమే, ఉంచుకొన్నను ఎవ్వరికిని నష్టము లేదు. అయినను, అలవాటు చేసికొనుటకు ఎవ్వరును లేని దినమే మంచిదని వానితో చెప్పి, రెండవ గన్ను ఇంకను చెడియున్నదని సెల్‌ఫోనులో వ్రాసి బయలుదేఱితిమి.