గాలిమర కింద పడిన గద్ద



పోయిన పౌర్ణమికి మా విహారంలో వందన అయిపోయి అందరం టీ తాగుతుంటే ఒక తమ్ముడు నన్ను పక్కకు పిలిచినాడు. ఐటీఐ చదివి, మా అనంతపురం వైపు కొండల మీద గాలిమరల దగ్గర కాంట్రాక్టు పని చేస్తున్నాడు. "అన్నా, పొద్దున పోతే ఒక్కోసారి టవర్ కింద గద్ద పడుంటాది, రెక్క తెగిపోయి. సూపర్‌వైజరు గుంత తీసి పూడ్చెయ్, పుస్తకంలో రాయొద్దు అంటాడు. నేనేమో పొద్దున్నే పంచశీలం చెప్పుకొని పనికి పోతా. నాకు మొదటి శీలం తప్పినట్టేనా?"

"నువ్వు చంపలేదు కదప్పా" అన్నాను. అతనికి తృప్తి కాలేదు. ఇంటికొచ్చాక నాకూ కాలేదు. ఆ తమ్ముడికి ఆలస్యంగా ఇస్తున్న జవాబు ఇది.

తేలిక జవాబులు రెండున్నాయి. ఏ ప్రాణికీ హాని జరగకూడదు కాబట్టి అసలు గాలిమరలే వద్దు అనడం ఒకటి. చంపాలన్న ఉద్దేశం ఎవరికీ లేదు కాబట్టి ఇందులో తప్పే లేదు అనడం రెండోది. బాబాసాహెబ్ మనకు చూపిన దారిలో ఈ రెండూ నిలబడవు. 1957లో వెలువడిన 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో ఆయన అహింస గురించి చర్చిస్తూ, చంపాలనే కోరిక వేరు, చంపాల్సిన అవసరం వేరు అని విడదీసినారు. బుద్ధుడు చెప్పిన అహింస నియమం కాదు, సూత్రం అన్నారు. నియమమైతే కళ్లు మూసుకొని పాటించవచ్చు. సూత్రమైతే ప్రతిసారీ కళ్లు తెరిచి ఆలోచించాలి. మనలో చాలామందిమి ఈ భాగాన్ని మాంసాహారం చర్చ దగ్గరే ఆపేస్తాం. ఎవరన్నా మన పళ్లెంలోకి తొంగి చూసి నిలదీస్తే జవాబుకు పనికొస్తుంది కదా! కానీ దాని బరువంతా 'అవసరం' అన్న మాట మీద ఉంది. అవసరమని చెప్పేదెవరు? దాన్ని రుజువు చెయ్యాల్సిందెవరు?

గాలి కరెంటు అవసరం లేదని నేను అనను. బొగ్గు ఏం చేస్తుందో మన రాష్ట్రం చూసింది. 2010 జులైలో సోంపేట బీల భూముల్లో థర్మల్ ప్లాంటు వద్దన్న జనం మీద పోలీసు కాల్పులు జరిగినాయి. మరుసటి ఏడు ఫిబ్రవరిలో కాకరాపల్లిలో మళ్లీ అదే. మనుషుల ప్రాణాలు పోయినాయి. ఆ తంపర నేలలకు దగ్గర్లోనే తేలినీలాపురం ఉంది, ఏటేటా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి గూళ్లు కట్టుకునే ఊరు. అంటే బొగ్గు కూడా పిట్ట నోటి ముందరి చెరువునే అడిగింది. ఇక ఎండలు ముదిరితే ఏసీ గదిలో ఉన్నవాడికి బిల్లు పెరుగుతుందంతే. ఉపాధి హామీ పనిలో మట్టి ఎత్తే మన అక్కకైతే ప్రాణం మీదికొస్తుంది. కాబట్టి గాలిమరను కూల్చెయ్యమనే అహింస నాది కాదు.

అయినా గద్ద చచ్చిపోయింది. ఎందుకు చచ్చిందో కొంచెం తెలుసుకోవాలి. నేను బి.ఏ. చదివినవాణ్ణి, సైన్సు నాకు ఆలస్యంగా ఎక్కుతుంది. అర్థమైనంత చెబుతాను. గాలి కొండకు తగిలి పైకి లేచే చోట గద్దలు, డేగలు రెక్క ఆడించకుండానే తేలుతుంటాయి. గాలిమరలు పెట్టేదీ ఆ అంచుల మీదనే. వేటాడే పిట్ట చూపు కింద నేల మీద ఉంటుంది, ఎదురుగా కాదు. మా ఊళ్లల్లో 'ఫ్యాన్లు' అని పిలుచుకునే ఈ మరల రెక్క దూరం నుంచి సోమరిగా తిరిగినట్టు కనిపిస్తుంది గానీ, దాని కొస గంటకు 200 కిలోమీటర్లు దాటిన వేగంతో పోతుంటుంది.

మరకంటే తీగ ఇంకా ప్రమాదం. బట్టమేక పిట్టనే తీసుకోండి. మగది 15 కిలోల దాకా తూగుతుంది. ఎగరగలిగిన పక్షుల్లో అంత బరువైనవి చాలా తక్కువ. దానికి ఎదుటి చూపు తక్కువ. తీగ కనపడేసరికి పక్కకు తిరగడానికి ఆ ఒళ్లు సహకరించదు. ఏడాదికి మామూలుగా ఒక్కటే గుడ్డు, అదీ నేల మీదనే. ఇప్పుడు దేశం మొత్తం మీద ఇవి 150కి మించి లేవంటారు, అవీ ఎక్కువగా రాజస్థాన్‌లోనే. కర్నూలు వైపు రోళ్లపాడులో 1988లో వీటికోసమే అభయారణ్యం పెట్టినారు. ఇప్పుడక్కడ బట్టమేక కనిపించడం దాదాపు లేదు. అక్కడ గడ్డినేలలు తగ్గి పైర్లు మారిపోయినాయి, ఆ నేరమంతా గాలిమరల మీద వెయ్యడం న్యాయం కాదు. రాజస్థాన్‌లో మాత్రం తీగల పాత్ర స్పష్టంగా ఉంది. థార్ ఎడారిలో 4,200 చదరపు కిలోమీటర్ల మేర కరెంటు తీగలకు ఏడాదికి సుమారు 84 వేల పక్షులు, అన్ని జాతులూ కలిపి, చనిపోతున్నాయని భారత వన్యప్రాణి సంస్థ అంచనా వేసింది.

సిద్ధార్థుడి హంస కథ మన పిల్లలందరికీ తెలుసు. అందులో బాణం వేసినవాడు దేవదత్తుడని తెలుసు కాబట్టి తగవు తేలింది. తీగకు తగిలిన బట్టమేక విషయంలో బాణం ఎవరిది? టవర్ డిజైన్ చేసిన ఇంజనీరుదా, అనుమతి ఇచ్చిన ఆఫీసుదా, స్విచ్చి వేసుకున్న మనదా? ఎవరి చేతిలోనూ విల్లు కనపడదు. మన కాలపు హింస ఎక్కువగా ఇట్లాగే ఉంటుంది. అంటరానితనం కూడా చాలా ఊళ్లల్లో ఎవరూ చెయ్యకుండానే జరుగుతూ వచ్చింది కదా. అడిగితే అందరూ మంచివాళ్లే.

ఒక వాదన తరచూ వినపడుతుంది: పిల్లులు, అద్దాల మేడలు గాలిమరలకంటే ఎక్కువ పిట్టల్ని చంపుతున్నాయి కదా అని. లెక్కకు అది నిజమే. కానీ పిల్లి పట్టుకునేది పిచ్చుకను, ఊరపిట్టను. బట్టమేకను కాదు. నూట యాభైలో ఒకటి పోవడమూ, కోట్లలో ఒకటి పోవడమూ ఒకే ఒకటి కాదు. పైగా గద్ద పోతే గద్దతో ఆగదు. బాబాసాహెబ్ చిన్నప్పుడు చదువుకున్న సాతారా తెలుసు కదా, ఆ జిల్లాలోనే చాల్కేవాడి పీఠభూమి ఉంది. గాలిమరలున్న చోట వేటాడే పక్షులు, లేని చోటికంటే దాదాపు నాలుగో వంతుకు తగ్గిపోయి, అవి తినే తొండజాతి ప్రాణులు ఎక్కువైనాయని, వాటి బెదురు కూడా తగ్గిందని అక్కడ పరిశోధన చేసినవాళ్లు 2018లో ప్రచురించినారు. ఒకటి ఉంటే ఇంకొకటి ఉంటుంది, ఒకటి పోతే ఇంకొకటి మారుతుంది. పటిచ్చసముప్పాదం చదువుకునే మనకు ఇది కొత్త మాటేం కాదు.

ఇంకో సంగతి నన్ను బాగా గుచ్చుతుంది. ఈ గడ్డినేలలను రికార్డుల్లో 'బంజరు' అని రాస్తారు, పనికిరాని భూమి అని. గొర్రెలకాపరికి అది మేత. తోడేలుకు, జింకకు, బట్టమేకకు ఇల్లు. పనికిరానిదని పేరు పెట్టినవాడు ఎప్పుడూ అక్కడ బతికేవాడు కాదు. ఆ పేరు పడినాక దేనికైనా ఇచ్చెయ్యడం తేలిక. ఎవరో రాసిన పేరుతో బతుకు మారిపోవడం ఎట్లుంటుందో మనకు ఒకరు చెప్పాలా? మన దేశంలో గాలిమరల ప్రాజెక్టులకు 2006 నోటిఫికేషన్ కింద పర్యావరణ ప్రభావ అంచనా అక్కర్లేదు కూడా. పొగ రాదు కాబట్టి హాని లేదన్నట్టు.

2021 ఏప్రిల్ 19న సుప్రీంకోర్టు, రాజస్థాన్, గుజరాత్‌లలో బట్టమేకలు తిరిగే చోట్ల వీలున్నంతవరకు కరెంటు తీగలను భూమిలో వెయ్యమన్నది. సుమారు 99 వేల చదరపు కిలోమీటర్లలో ఇది కుదరదని కేంద్రం చెప్పుకుంది. 2024 మార్చి 21న కోర్టు ఆ ఆదేశాన్ని సడలించి నిపుణుల కమిటీకి అప్పగించింది. వాతావరణ మార్పు చెరుపు నుంచి రక్షణ పొందడం 14, 21 అధికరణాల కింద హక్కని అదే తీర్పులో చెప్పింది. చాలామంది పక్షి ప్రేమికులు బాధపడినారు. ఆ హక్కును రాజ్యాంగంలో చూడగలగడం నాకు మాత్రం సంతోషమే. కానీ ఎడారి మొత్తం కుదరదన్న మాట చాటున, పది కిలోమీటర్లు కుదిరే చోట కూడా చెయ్యకుండా తప్పించుకుంటే దాన్ని అవసరం అనలేం. ఖర్చు మిగుల్చుకోవడం అంటాం.

ఎందుకంటే కుదిరిన చోట్లు ఉన్నాయి. స్పెయిన్ దక్షిణాన తరీఫా దగ్గర రాబందులు మర వైపు వస్తుంటే మనుషులు కనిపెట్టి, ఆ ఒక్క మరనే కాసేపు ఆపినారు. రాబందుల చావులు సగానికి తగ్గినాయి. పోయిన కరెంటు నూటికి పదో వంతు కూడా లేదు. నార్వేలోని స్మోలా దీవిలో నాలుగు మరలకు ఒక్కో రెక్కకు నల్లరంగు పూసినారు. అక్కడ పక్షుల చావులు దాదాపు 70 శాతం తగ్గినాయి. నాలుగు మరల పరీక్షే, అన్నిచోట్లా ఇట్లాగే అవుతుందని చెప్పలేం. కానీ ఒక్క డబ్బా రంగు తగ్గించగల చావును 'అవసరం' అని ఎట్లా అంటాం?

ఇప్పుడు తమ్ముడి ప్రశ్న. తమ్ముడూ, గద్దను నువ్వు చంపలేదు. మొదటి శీలం దగ్గర నీ మీద బరువు లేదనే నా నమ్మకం. పుస్తకంలో రాయొద్దన్న చోట మాత్రం ఆలోచించు. తరీఫాలో మర ఆపగలిగింది ముందు ఎవరో చచ్చిన రాబందుల్ని లెక్కపెట్టినారు కాబట్టే. లెక్కలో లేని చావు అవసరమో కాదో ఎవరు తేలుస్తారు? పూడ్చి దాచడం మొదటి శీలం కంటే నాలుగో శీలానికి, అబద్ధం ఆడకపోవడానికి, ఎక్కువ తగులుతుంది. అయితే ఆ అబద్ధం నీది కాదు, నీ చేత ఆడిస్తున్నవాళ్లది. నీకు ఇల్లు గడవాలి, చెల్లెలి చదువుంది, నేను ఇక్కడ కూర్చొని ఉద్యోగం వదిలెయ్యమనను. ఒక్కడివే పోయి కొట్లాడమనీ అనను. అట్లా అని చేతులు దులుపుకొన్నవాళ్లను చాలామందిని చూసినాను.

ఇదంతా పోయిన వారం అతనికి ఫోన్‌లో చెప్పినాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఒక ఫొటో పంపినాడు. టవర్ నంబరు, తేదీ కాగితం మీద రాసి పక్కన పెట్టి తీసినాడు. "ఇది గద్ద కాదన్నా, వేరే ఏందో. పేరేంది?" అని అడిగినాడు. నాకూ తెలియలేదు. పక్షుల గురించి తెలిసిన ఒక లెక్చరర్ గారికి పంపినాం.