కనబడనిదంతా లేనిదేనా?

ఒక వస్తువు కనబడనంత మాత్రాన అది లేదని చెప్పవచ్చా అన్న ప్రశ్న మీద భారతీయ దార్శనికులు వెయ్యేళ్లకు పైగా వాదించుకున్నారు. బల్ల మీద పుస్తకం లేదని ఎవరైనా అన్నప్పుడు ఆ లేకపోవడం ఎలా తెలిసింది? రంగూ రూపమూ ఉన్నదాన్ని కన్ను పట్టుకుంటుంది, లేనిదాన్ని పట్టుకునేది ఏది? ఏడో శతాబ్దికి చెందిన కుమారిలభట్టు శ్లోకవార్తికంలో ఈ విషయానికి ఒక ప్రకరణమే కేటాయించి, ప్రత్యక్షం, అనుమానం మొదలైన అయిదింటికి తోడు అనుపలబ్ధిని, అంటే కనబడకపోవడాన్ని, ఆరో ప్రమాణంగా నిలబెట్టాడు. అద్వైతులు ఆ మాటే తీసుకున్నారు. ప్రాభాకర మీమాంసకులు ఒప్పుకోలేదు. అభావం కూడా ఇంద్రియాలకే తెలుస్తుందని, వస్తువు కనబడకపోవడం అందుకు తోడ్పడుతుందే తప్ప వేరే ప్రమాణం కాదని నైయాయికులు అన్నారు. బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి దాన్ని అనుమానంలో చేర్చి, మూడు రకాల హేతువుల్లో ఒకటిగా లెక్కపెట్టాడు.

ఇన్ని పక్షాలూ ఒక షరతు దగ్గర మాత్రం దాదాపు ఏకమవుతాయి. ఈ చర్చ మొత్తంలో అన్నిటికన్నా విలువైనది ఆ షరతే. దాని పేరు యోగ్యత. 17వ శతాబ్దిలో ధర్మరాజాధ్వరీంద్రుడు రాసిన వేదాంత పరిభాష దాన్ని నేల మీది కుండతో వివరిస్తుంది. వెలుతురు బాగా ఉన్న నేల మీద కుండ ఉండి ఉంటే కనబడేదే. కనబడలేదు కాబట్టి లేదు. చీకట్లో ఆ మాట అనడానికి వీల్లేదు, అక్కడ కుండ ఉన్నా కనబడదు కనుక. ‘ఉంటే కనబడి తీరేది’ అని ముందు తేల్చుకున్న చోటే ‘కనబడలేదు’ అన్నదాని నుంచి ‘లేదు’ అన్న నిశ్చయానికి దారి ఏర్పడుతుంది.

ఈ షరతును పట్టించుకోకపోతే ఏమవుతుందో ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ వేసినప్పుడు స్పష్టంగా తెలుస్తుంది. ఇన్‌స్టాలర్ పని పూర్తయిందని చెబుతుంది. రీస్టార్ట్ చేయగానే, బూట్ చేయదగిన డివైస్ ఏదీ దొరకలేదని నల్ల తెర మీద ఒక వాక్యం వస్తుంది. అది చూసి చాలామంది ఇన్‌స్టలేషన్ జరగలేదనో, డ్రైవ్ పాడైందనో నిర్ణయించుకుని, మళ్లీ ఫార్మాట్ చేసి మొదటి నుంచి మొదలుపెడతారు. కానీ ఆ వాక్యం చెప్పింది దొరకలేదని మాత్రమే. వెతికింది ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఏం చూడగల శక్తితో అన్నవి తేలకుండా ఆ వాక్యం నుంచి డ్రైవ్ గురించి ఏ నిశ్చయానికీ రాకూడదు.

వెతికేది ఫర్మ్‌వేర్. ఇప్పటి కంప్యూటర్లలో అది యూఈఎఫ్‌ఐ. దాని చూపు చాలా ఇరుకు. తన చిన్న మెమరీలో రాసిపెట్టుకున్న బూట్ ఎంట్రీలను చూస్తుంది. ఎంట్రీ లేని కొత్త డ్రైవ్ అయితే, అందులో ఫ్యాట్ పద్ధతిలో ఉన్న ఈఎఫ్‌ఐ సిస్టమ్ పార్టిషన్‌లో ‘ఈఎఫ్‌ఐ’ ఫోల్డరు, అందులో ‘బూట్’ ఫోల్డరు, అందులో ‘బూట్‌ఎక్స్64.ఈఎఫ్‌ఐ’ అనే ఫైలు ఉందా అని చూస్తుంది. మామూలు 64 బిట్ల పీసీల్లో ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌కు ప్రమాణంగా నిర్ణయించిన దారి అదే. ఆ ఒక్క చోటు తప్పితే డ్రైవ్ నిండా సిస్టమ్ ఉన్నా ఫర్మ్‌వేర్‌కు ఏమీ లేనట్టే.

ధర్మకీర్తి న్యాయబిందువులో ఒక విభజన చేశాడు. దేశంలో దూరంగా ఉన్నవి, కాలంలో దూరంగా ఉన్నవి, స్వభావం చేతనే అందనివి అని మూడు రకాల వస్తువులు ఉంటాయి. ఇవి కనబడకపోయినా లేవని నిశ్చయించడానికి వీల్లేదు. బూట్ కాని డ్రైవ్‌ను పరీక్షించేవారికి ఇంతకన్నా మంచి క్రమం దొరకదు.

మొదటిది దేశం. ఉబుంటు పాత ఇన్‌స్టాలర్ యుబిక్విటీ విషయంలో ఇది చాలాకాలం వేధించింది. పార్టిషన్ల పేజీలో అడుగున, బూట్ లోడర్ ఏ డిస్కులో వేయాలో ఎంచుకునే వీలుండేది. అక్కడ ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌నే ఎంచుకున్నా, యూఈఎఫ్‌ఐ పద్ధతిలో ఆ ఇన్‌స్టాలర్ తనకు మొదట కనబడిన ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లో, అంటే సాధారణంగా లోపలి డిస్కులో, గ్రబ్ అనే లోడర్‌ను వేసేసేది. అదే కంప్యూటర్‌లో, డ్రైవ్ తగిలించి ఉన్నంత సేపూ అంతా సవ్యంగా నడుస్తుంది. డ్రైవ్ తీసేస్తే లోపలి గ్రబ్ తన మిగతా భాగాల కోసం వెతికి, దొరకక, ‘గ్రబ్>’ అన్న ఒట్టి ప్రాంప్ట్ దగ్గర ఆగిపోతుంది. లోపలి డిస్కులోని విండోస్ చెడిపోయిందని ఇంట్లోవాళ్లు కంగారుపడేది ఇక్కడే. డ్రైవ్‌ను ఇంకో కంప్యూటర్‌కు తగిలిస్తే ఏమీ దొరకలేదన్న మాట వస్తుంది. లోడర్ ఉంది, వేరే చోట ఉంది. లైవ్ యుఎస్‌బీతో బూట్ చేసి రెండు డిస్కుల ఈఎఫ్‌ఐ పార్టిషన్లనూ తెరిస్తే లోపలి డిస్కులో ‘ఉబుంటు’ అనే ఫోల్డరు కళ్లెదుటే ఉంటుంది. ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లో ఫ్యాట్32 పద్ధతిలో చిన్న ఈఎఫ్‌ఐ పార్టిషన్ చేసి, సిస్టమ్‌లోకి క్రూట్ ద్వారా వెళ్లి, గ్రబ్-ఇన్‌స్టాల్‌ను ‘రిమూవబుల్’ ఆప్షన్‌తో నడిపితే లోడర్ ఫర్మ్‌వేర్ వెతికే దారిలోకే చేరుతుంది. ఎఫ్‌స్టాబ్ ఫైల్లో ఈఎఫ్‌ఐ పార్టిషన్ గుర్తింపు సంఖ్య అయిన యూయూఐడీని కూడా కొత్తదానికి మార్చాలి. ఇన్‌స్టలేషన్‌కు ముందే లోపలి డిస్కును ఊడదీసి ఉంచడం వీలైతే అది అన్నిటికన్నా క్షేమం.

రెండోది కాలం. లోడర్ దొరికి, కెర్నెల్ మొదలై, ఆ తర్వాత ఫలానా యూయూఐడీ గల డివైస్ అసలు లేదని హెచ్చరించి ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ షెల్‌లో వదిలేయడం డెబియన్‌లో, ఉబుంటులో తెలిసిన సంగతే. తిరిగే డిస్కు వేగం అందుకోవడానికి, యుఎస్‌బీ కంట్రోలర్ దాన్ని గుర్తించడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఆ లోపే వెతుకులాట ముగిస్తే ఉన్నది లేనిదైపోతుంది. పరీక్ష తేలిక. ఆ షెల్‌లోనే కాసేపు ఆగి బీఎల్‌కేఐడీ అని కొట్టాలి. యూయూఐడీ ఇప్పుడు జాబితాలో ఉంటే ఆలస్యమే కారణం, ఎగ్జిట్ కొడితే చాలాసార్లు బూట్ ముందుకు సాగుతుంది కూడా. కెర్నెల్ ఆప్షన్లలో ‘రూట్‌డిలే’ చేరిస్తే సమస్య స్థిరంగా తీరుతుంది. ఎంతసేపు ఆగినా రాకపోతే అప్పుడు కరెంటు వైపు చూడాలి. యుఎస్‌బీ 2.0 పోర్టు ప్రమాణం ప్రకారం ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 పోర్టు ఇచ్చేది 900. తిరగడం మొదలుపెట్టే క్షణంలో కొన్ని డిస్కులకు అది చాలదు.

మూడోది స్వభావం. ఎక్స్‌టీ4 పార్టిషన్‌ను చదవడం మామూలు ఫర్మ్‌వేర్‌కు చేతకాదు, దానికి ఫ్యాట్ ఒక్కటే తెలుసు. లైవ్ యుఎస్‌బీ పాత బయోస్ పద్ధతిలో బూట్ అయి ఉంటే బూట్ కోడ్ డిస్కు మొదటి సెక్టారులోకి వెళుతుంది, యూఈఎఫ్‌ఐ ఆ కోడ్‌ను నడపదు. ఇక్కడే అనుపలబ్ధి సరిగ్గా ఎలా పనిచేస్తుందో కూడా చూడవచ్చు. లైవ్ సిస్టమ్‌లో సిస్ ఫోల్డరు కింద, ఫర్మ్‌వేర్ ఫోల్డరులో, ‘ఈఎఫ్‌ఐ’ అన్నది ఉందా అని చూడాలి. యూఈఎఫ్‌ఐ పద్ధతిలో మొదలై ఉంటే కెర్నెల్ దాన్ని అక్కడ పెడుతుంది. చూసేవారికి అక్కడ ఏ అడ్డూ లేదు. అది లేకపోతే సిస్టమ్ బయోస్ పద్ధతిలో నడుస్తోందని ధైర్యంగా చెప్పవచ్చు. వెలుతురున్న నేల మీద కుండ లేదనడం లాంటి నిశ్చయమిది. టీ2 చిప్ ఉన్న మ్యాక్‌ల సంగతి వేరు. బయటి డ్రైవ్ నుంచి బూట్ కావడాన్ని అవి మొదటి నుంచే నిషేధించి ఉంచుతాయి, స్టార్టప్ సెక్యూరిటీ యుటిలిటీలో అనుమతించాలి. విండోస్ సెటప్ అయితే యుఎస్‌బీ డిస్కులో ఇన్‌స్టాల్ చేయనని మొహం మీదే చెబుతుంది. అక్కడ వెతకాల్సింది ఏమీ లేదు, ఆ మాటను శబ్దప్రమాణంగా తీసుకుని వేరే దారి చూసుకోవడమే.

యోగ్యత తేలి, లోడర్ నిజంగానే లేదని నిశ్చయమైతే, ఎలాంటి లేకపోవడం అన్నది తర్వాతి ప్రశ్న. ఆంధ్రదేశంలో పుట్టినవాడని ప్రసిద్ధి ఉన్న అన్నంభట్టు తర్కసంగ్రహంలో అభావాలను నాలుగుగా చెప్పాడు. ఇన్‌స్టాలర్ చివరి దశకు ముందే ఆగిపోతే అది ప్రాగభావం, ఇంకా పుట్టనేలేదు. ఉన్న ఫైలును తర్వాత ఏ ఫార్మాటో తుడిచేస్తే ప్రధ్వంసాభావం. ఒక డిస్కును మరొకటి అనుకుంటే అన్యోన్యాభావాన్ని మరిచినట్టు. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లు డిస్కులు గుర్తింపుకు వచ్చిన వరుసను బట్టి మారుతుంటాయి కాబట్టి ఈ పొరపాటు తరచూ జరుగుతుంది, దాని ఖరీదు ఒక్కోసారి ఏళ్ల నాటి ఫోటోలు. అత్యంతాభావానికి ఇక్కడ పెద్ద పని లేదు. మొదటిదానికి ఐఎస్‌ఓ చెక్‌సమ్ సరిచూసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం మందు. రెండోదానికి లోడర్ ఒక్కటి తిరిగి వేస్తే చాలు, సిస్టమంతా తుడవడం అనవసరమైన నష్టం.

ఈశ్వరుడి విషయంలో ఇదే యోగ్యత షరతును గట్టిగా వాడినవాడు ఉదయనాచార్యుడు. కనబడడు కాబట్టి లేడన్న చార్వాకుడికి న్యాయకుసుమాంజలి మూడో స్తబకంలో ఆయన ఇచ్చిన సమాధానం ప్రసిద్ధం. కనబడకపోవడమే లేకపోవడమైతే, ఇల్లు దాటిన చార్వాకుడు భార్యాబిడ్డలు కంటికి కనబడరు కనుక లేరని తేల్చుకుని గుండెలు బాదుకోవాలి. ఈశ్వరుడు ఇంద్రియాలకు అందేవాడని ఆస్తికులెవరూ అనలేదు కాబట్టి, ఆయన కనబడకపోవడం యోగ్యానుపలబ్ధి కాదు. ఈ వాదం బలమైనదే, అయితే దాని హద్దు కూడా గుర్తించాలి. లేడన్న నిశ్చయాన్ని అది తొలగిస్తుంది. ఉన్నాడన్న నిశ్చయాన్ని ఇవ్వదు. అందని వస్తువు విషయంలో మిగిలేది సంశయమేనని ధర్మకీర్తి చెప్పినదీ ఇదే. అనుపలబ్ధిని ప్రమాణంగా నిలబెట్టిన కుమారిలుడే జగత్కర్తను అంగీకరించలేదన్నది మరవకూడదు.

డ్రైవ్ విషయంలో యోగ్యతను తెచ్చిపెట్టుకోవచ్చు. మరో కంప్యూటర్‌తో, లైవ్ యుఎస్‌బీతో చీకటి చోటును వెలుతురులోకి తీసుకురావచ్చు. అతీంద్రియమని ముందే ఒప్పుకున్న వస్తువుకు అలాంటి ఏర్పాటు కుదరదు. అందుకే ఉదయనుడు అయిదో స్తబకంలో అనుపలబ్ధిని విడిచి, జగత్తు కార్యం కనుక దానికి కర్త ఉండాలన్న హేతువుతో మొదలుపెట్టి అనుమానాల వైపు నడిచాడు. దాదాపు ఆ కాలంలోనే బౌద్ధాచార్యుడు రత్నకీర్తి నైయాయికుల ఈశ్వరానుమానాలను ఖండిస్తూ ఈశ్వరసాధనదూషణం రాశాడు. ఈ వాదం ప్రధానంగా, కార్యాన్ని బట్టి కర్తను ఊహించడానికి వ్యాప్తి, అంటే కార్యం ఉన్నచోటల్లా కర్త ఉంటాడన్న నియమం, ఎంతవరకు నిలుస్తుందన్న దాని మీద సాగింది.