మందు చీటీ

2021 నవంబరులో ఒక కౌలు రైతుకు మందు చీటీ రాసిచ్చాను. ఆ మందు పనిచేయదని రాసేటప్పుడే నాకు తెలుసు.

ఆ ఏడు మిరప మీదికి నల్ల తామర పురుగు వచ్చింది. మనకు అలవాటైన తామర పురుగు ఆకును పడుతుంది. ఆకు దోనెలా పైకి ముడుచుకుంటుంది, దాన్ని పైముడత అంటాం. నల్లి పడితే కిందముడత. ఈ కొత్తది మాత్రం పువ్వులో దూరింది. ఒక పువ్వు తెంపి అరచేతిలో దులిపితే నువ్వుగింజలో సగం కూడా లేని నల్లటి పురుగులు పదీ పదిహేనూ పరుగులు పెట్టేవి. మన దేశంలో దీన్ని మొదట గుర్తించింది 2015లో, బెంగళూరులో, బొప్పాయి మీద. మన మిరప తోటల్లోకి వచ్చాక దానికి అడ్డు లేకపోయింది. పూత రాలిపోయేది. చెట్టు మాత్రం పచ్చగా, ఏమీ ఎరగనట్టు నిలబడి ఉండేది. మందు కొట్టినకొద్దీ దాన్ని తినే మిత్రపురుగులు ముందు చచ్చేవి.

ఇదంతా అతనికి చెప్పాను. నీలం రంగు జిగురు అట్టలు పెట్టమన్నాను, యూరియా తగ్గించమన్నాను, దొరికిన మందల్లా కలిపి కొట్టొద్దన్నాను. ఓపిగ్గా విన్నాడు. విని, "అది సరే సార్, రేపు పొద్దున కొట్టాల్సిందేందో చెప్పండి" అన్నాడు. కౌలు ముందే కట్టినవాడు అట్టల కోసం రాడు కదా. "నా దగ్గర మందు లేదయ్యా" అనే నాలుగు మాటలు నా నోట్లోంచి రాలేదు. జేబులోంచి కాగితం తీశాను.

వ్యవసాయాధికారి ఉద్యోగంలో చేరిన రెండు మూడేళ్లకే నాకు విసుగు మొదలైంది. బాపట్ల వ్యవసాయ కాలేజీ బ్యాచ్‌వాళ్లం కలిసినప్పుడల్లా నాదే పెద్ద గొంతు. బ్యాంకులకు వెళ్లినవాళ్లు, విత్తన కంపెనీలకు వెళ్లినవాళ్లు వింటుంటే, "ఇది వ్యవసాయం కాదర్రా, గుమాస్తాగిరీ" అనేవాణ్ణి. ఈ-పంట నమోదు, ఎరువుల క్యూలు, సాయంత్రంలోపు పంపాల్సిన ఫొటోలు, ఎవరూ చదవని నివేదికలు. అబద్ధాలేమీ కావు. చేలో నిలబడి ఫోను తెర మీద తిరిగే చక్రం వైపు చూస్తూ గడిపిన మధ్యాహ్నాలకు లెక్కలేదు. కానీ చీటీ రాసిచ్చిన రాత్రి నిద్ర పట్టక పొర్లుతుంటే ఒకటి తట్టింది. ఆ చీటీ రాయమని నన్ను ఏ పై అధికారీ అడగలేదు.

మాది పర్చూరు వైపు పల్లె. 1984లో నాకు తొమ్మిదేళ్లు. నల్లరేగడి అంతా పత్తే. ఆ ఏడు తెల్లదోమ పడింది. కొమ్మ తడితే తవుడు ఎగిరినట్టు లేచేది. ముందు ఆకుల మీద జిగురు, తర్వాత జిగురు మీద మసి. ఒక సాయంత్రం వ్యవసాయం ఆఫీసరుగారు మోటార్‌సైకిల్ మీద వచ్చారు. మా నాన్న అప్పిచ్చిన షావుకారుకు తప్ప ఎవరికీ లేచేవాడు కాదు. అలాంటిది నులకమంచం మీద నుంచి లేచి, భుజం మీది కండువా తీసి, దాంతోనే మంచం దులిపి ఆయన్ని కూర్చోబెట్టాడు. ఆయన రెండు ఆకులు తిరగేసి చూసి చీటీ రాశారు. నాన్న దాన్ని మడిచి పంచాంగంలో పెట్టుకున్నాడు.

నా కల అక్కడ పుట్టింది. పెద్దయ్యాక ఏమవుతావురా అంటే "ఆఫీసరు" అనేవాణ్ణి. దాని ముందు "వ్యవసాయం" అని తగిలించేది మా అమ్మ.

రైతు కోటాలో బాపట్లలో సీటొచ్చింది. 1945 నాటి కాలేజీ. అక్కడి కీటకశాస్త్రం క్లాసులో ఒకరోజు మా ఊరి తెల్లదోమ బోర్డు మీదికొచ్చింది. కాయతొలుచు పురుగు కోసం సింథటిక్ పైరిథ్రాయిడ్లు విచ్చలవిడిగా కొట్టారు, మిత్రపురుగులు పోయాయి, తెల్లదోమ విజృంభించింది. పంచాంగంలోని ఆ చీటీ కూడబలుక్కుని చదివీ చదివీ నాకు నోటికొచ్చు. అందులోని మందు ఆ జాతిదే. ఆఫీసరుగారిని తప్పుపట్టను, ఆయనకు అప్పటికి తెలిసింది అంతే. 1987-88కి ఆ కాయతొలుచు పురుగే, శనగపచ్చ పురుగు, ఆ మందులకు లొంగడం మానేసింది. ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో అప్పుల్లో మునిగిన పత్తి రైతులు అవే మందులు తాగి చనిపోయారు. మా నాన్న రెండెకరాలు అమ్ముకుని బయటపడ్డాడు.

పాఠం విన్న రోజు నాలో ఏదో కదలాల్సింది. ఏమీ కదల్లేదు. పరీక్షలో అదే ప్రశ్న వచ్చింది, బాగా రాశాను. తెల్లదోమను తట్టుకునే కాంచన అనే పత్తి రకాన్ని లాం వ్యవసాయ పరిశోధన ఫారంలో తయారుచేశారు. ఒకసారి మమ్మల్ని అక్కడికి తీసుకెళ్లారు. వరస వెంబడి వంగి ఆకులు తిరగేస్తూ, పురుగులు లెక్కపెట్టి పుస్తకంలో రాసుకుంటున్నారు. నిన్న చేసిందే ఇవాళ, పోయినేడు చేసిందే ఈ ఏడు. నాకు గంటలో విసుగొచ్చింది. అక్కడ ఎవరూ ఎవరికీ మంచం మీద నుంచి లేవడం లేదు.

ఉద్యోగం నన్ను మోసం చేసిందని ఇన్నేళ్లూ అనుకున్నాను. నిజానికి నేను వ్యవసాయాన్ని కోరుకోలేదు, మా నాన్న లేచి నిలబడటాన్ని కోరుకున్నాను. ఇప్పటి రైతు లేవడు. ఎందుకు లేస్తాడు? ఫోనులో వీడియో చూస్తాడు, మందుల కొట్టుకు పోతాడు. కొట్టతను పంట చేతికొచ్చేదాకా అరువిస్తాడు. నేనిచ్చేది కాగితం.

సంక్రాంతి వెళ్లాక ఆ కౌలు రైతు చేలోకి వెళ్లాను. మిరప పీకేసి మొక్కజొన్న వేశాడు. నేను రాసిన మందు కొట్టారా అని అడిగాను. "మీదీ కొట్టా, కొట్టాయన ఇచ్చిందీ కొట్టా. దేనికీ పోలా" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. ఏం తోచిందో, పనిచేయదని తెలిసే రాశానని చెప్పేశాను. కాసేపు బోదె వైపు చూశాడు. "ఆ మాట ఆ రోజే అంటే ఆ డబ్బులన్నా మిగిలేయి గదా సార్" అన్నాడు. అని, నీళ్లు మళ్లించడానికి వెళ్లిపోయాడు.

అప్పట్నుంచి, తెలియనప్పుడు తెలియదనే అంటున్నాను. అందరూ మెచ్చుకోలేదు. ఒకాయన నా మాట పూర్తికాకుండానే బండి స్టార్ట్ చేసి కొట్టుకు వెళ్లాడు. ఇంకొకాయన "మరి నీకు జీతం దేనికి?" అని మొహం మీదే అడిగాడు. ఫొటోలు ఇప్పటికీ పంపుతున్నాను. చక్రం ఇప్పటికీ తిరుగుతూనే ఉంది.

2022లో అతను మళ్లీ మిరపే పెట్టాడు. పూత పడగానే ఫోన్ చేశాడు. భూతద్దం పట్టుకుని వెళ్లాను. గట్టు మీద కూర్చున్నాం. అతను ఒక్కో సాలులో ఒక్కో పువ్వు తెంపి తెచ్చి నా అరచేతిలో దులిపేవాడు, నేను లెక్కపెట్టి చెప్పేవాణ్ణి. లెక్క అతనే రాశాడు, నా పెన్ను అడిగి తీసుకుని, బీడీకట్ట కాగితం మీద. మొదటి అయిదు పువ్వుల్లో రెండు మూడుకు మించి లేవు. ఆరో పువ్వులో పద్నాలుగున్నాయి. అదీ రాసుకుని, ఏడో పువ్వు కోసం చేలోకి దిగాడు.