తప్పిన తీర్పుకు తలవంచాలా?



మన వాడల్లో పిల్లలు క్రికెట్ ఆడుకునేటప్పుడు బ్యాటు ఎవరిదైతే తీర్పూ వారిదే. అమెరికాలో పిల్లల బేస్‌బాల్‌ లీగు పోటీలకు మాత్రం అంపైరు తప్పనిసరి. 1939లో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని విలియమ్స్‌పోర్టులో మొదలైన లిటిల్ లీగ్ పోటీల్లో చాలామంది అంపైర్లు జీతం లేకుండా సేవ చేసేవారే. కొన్నిచోట్ల హైస్కూలు పిల్లలు కూడా ఆ పని చేస్తారు.

ఒక వేసవిలో అక్కడి విచారణలో కొన్నాళ్ళు సహాయ గురువుగా ఉన్నాను. మా పీఠబాలకుడొకడు, పదహారేళ్ళవాడు, అంపైరుగా నిలబడిన ఆట చూడబోయాను. మొదటి బేసు దగ్గరకు బంతి ముందు చేరిందా, పరుగెత్తిన పిల్లవాడి కాలు ముందు తాకిందా అన్నది రెప్పపాటు వ్యవహారం. మావాడు 'అవుట్' అన్నాడు. వెంటనే ఆ జట్టు కోచ్ మైదానంలోకి దూసుకొచ్చాడు. అవుటైన పిల్లవాడికి ఆయనే తండ్రి.

"రూలు గురించైతే అడగండి సార్, చెబుతాను. నేను చూసినదాని గురించైతే తీర్పు అయిపోయింది" అన్నాడు మావాడు. నియమావళి చెప్పేదీ అదే. రూలును తప్పుగా వర్తింపజేస్తే కోచ్ అభ్యంతరం చెప్పవచ్చు. అవుటా, సేఫా అన్నది మాత్రం అంపైరు కంటికి వదిలిన విషయం. కోచ్ ఆగలేదు. "అవతలి జట్టువాళ్ళు నీకేమిచ్చారు?" అని అరిచాడు. "ఇంకొక్క మాటంటే మిమ్మల్ని బయటికి పంపవలసి వస్తుంది" అని మావాడు వణుకుతున్న గొంతుతోనే చెప్పాడు. అక్కడే నిలబడ్డ ఆయన కొడుకు తలెత్తకుండా బూటు తాడు కట్టుకుంటున్నాడు, విడిపోకపోయినా.

తీర్పు చెప్పేవానికి మూడు కావాలంటాడు పునీత తోమాసు అక్వినాసు: న్యాయబుద్ధి, అధికారం, వివేకం. 'నీవు సరిగా చూడలేదు' అంటే వివేకాన్ని శంకించడం. అది అడగదగిన ప్రశ్నే కావచ్చు. 'నీకేమిచ్చారు' అంటే మనసునే దోషిగా నిలబెట్టడం. ఎదుటివాని మనసు మనకు కనిపించదు కదా! అంపైరు కనీసం బంతినైనా చూశాడు. కోచ్ ఏం చూసి తీర్పు చెప్పాడు? మార్కులు తక్కువెందుకు వచ్చాయని మాస్టారిని అడగడం తండ్రి హక్కు. 'మీవాళ్ళకే వేసుకుంటారు' అనడం హక్కు కాదు.

అయితే, అధికారం ఉన్నవాడు పొరబడడా? ఆ సాయంత్రం గుడి మెట్లమీద మావాడు నాతో అన్నాడు (పాపసంకీర్తనంలో కాదు సుమా, పదిమందికీ చెప్పమని తనే అన్నాడు): "ఫాదర్, వాడు సేఫేనేమో. నాకు ఆటగాడు అడ్డొచ్చాడు."

"హోమ్ ప్లేటు వెనకాల ఉన్న అంపైరును అడగకపోయావా?" అన్నాను. సందేహముంటే తోటి అంపైరును అడిగే వీలు నియమాల్లోనే ఉంది.

"అడిగితే నాకు చేతకాదనుకుంటారని..."

కన్ను పొరబడడం పాపం కాదన్నాను. అడగకపోవడం గురించి మాత్రం ఆలోచించుకోమన్నాను. తరువాతి ఇన్నింగ్సులో ఆ జట్టుకు అనుకూలంగా ఒక తీర్పిచ్చి సరిచేద్దామని తోచిందట. చేయలేదు. సంతోషించాను. ఒకరి బాకీ తీర్చడానికి మరొకరి జేబు కొడతామా?

పెద్దల ఆటలోనూ ఇలాంటిదే జరిగింది. 2010 జూన్ 2న డెట్రాయిట్‌లో గలరాగా అనే బౌలరు వరుసగా 26 మందిని అవుట్ చేశాడు. 27వ వాడు కూడా అవుటే. కాని అంపైరు జిమ్ జాయిస్ 'సేఫ్' అన్నాడు. దానితో అరుదైన ఘనత చేజారింది. బౌలరు చిన్నగా నవ్వి మళ్ళీ బంతి అందుకున్నాడు. ఆట అయ్యాక వీడియో చూసిన జాయిస్ తప్పు తనదేనని అందరి ఎదుటా ఒప్పుకున్నాడు. మరునాడు గలరాగాయే తన జట్టు జాబితా తెచ్చి చేతికిస్తే, ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. ఆ తీర్పు మాత్రం రికార్డుల్లో మారలేదు.

మా పీఠబాలకునికి ఈ కథ తెలుసు. తరువాతి శనివారం ఆట మొదలుకాకముందే ఆ కోచ్ దగ్గరకు వెళ్ళి, "ఆ రోజు నేను పక్కవారిని అడగవలసింది సార్" అన్నాడట.

"ఆయనేమన్నాడు?" అని అడిగాను.

"ఏమీ అనలేదు ఫాదర్. మంచినీళ్ళ సీసా ఇచ్చాడు."