బండిచక్రము నేర్పు ధర్మము



ఛాందోగ్యోపనిషత్తు ప్రాణమును చక్రనాభితో పోల్చినది. ఆకులవలె సమస్తమును దానియందే నాటుకొనియున్నది. ఆ ఉపమానమును కన్నులార చూడగోరువారికి అమెరికాలో, వర్జీనియా రాష్ట్రపు విలియమ్స్‌బర్గ్ పట్టణమున, 18వ శతాబ్దపు పద్ధతిని కొయ్యచక్రములు చేయు కర్మశాల కలదు.

నడుమ నాభి; అందు దిగగొట్టిన ఆకులు; వాని కొనలను కలుపు పూటీలు. చుట్టును కాల్చిన ఇనుపకట్టు తొడిగి నీరు చల్లుదురు. కట్టు కుంచించుకొని అన్నిటిని బిగించును. కాలక్రమమున కొయ్య ఎండి ఆకులు వదులైనచో పనివాడు ఆకులను దూషింపడు. కట్టునే ఊడదీసి, కోసి, కురుచచేసి, అతికి, మరల నిప్పున పెట్టును.

1903 మొదలు 1916 వరకు మదరాసు రేవునుండి ఫిజీ చెరకుతోటలకు తరలిన తెలుగువారు ఆ నిప్పును, ఆ నీటిని చూచినవారే. వారి సంతతిలో కొందరు నేడు కాలిఫోర్నియాలో నివసించుచున్నారు. పిల్లల నోట తెలుగు వదులైనదని వగచు పెద్దలు అచ్చటను కలరు. ఆకును నిందించి ప్రయోజనమేమి? పెద్దలే కట్టు. వారు తమ బిగువును కొంత కోసికొని, పిల్లలెరిగిన భాషలోనైనను రామకథ చెప్పుచు, అందు ఒక్కొక్క తెలుగుమాటను నాటవలెను.

దగ్గరకు వచ్చిన కట్టే చక్రమును నిలుపును.

శుభమస్తు.