పాత కారులో లొడలొడ



పదేళ్లు దాటిన కారు గతుకుల్లో పడితే లోపల ఎక్కడో లొడలొడమంటుంది. మనమేం చేస్తాం? పాటల సౌండు పెంచేస్తాం. చప్పుడు వినపడదు గానీ, వదులైన క్లిప్పు వదులుగానే ఉంటుంది.

పని తెలిసిన మెకానిక్ ముందు పాటలు ఆపేస్తాడు. గ్లవ్ బాక్సు, డోర్ పాకెట్లు ఖాళీ చేయిస్తాడు. ఇంకొకరు నడుపుతుంటే పక్కన కూర్చుని, ఒక్కో ప్యానెల్‌నీ చేత్తో నొక్కి చూస్తాడు. ఎక్కడ నొక్కితే ఆగిందో, వదులు అక్కడే. ఒక్కోసారి డోర్‌లోంచి అనిపించిన చప్పుడు, తీరా చూస్తే సీటు బెల్టు బకిల్ ప్లాస్టిక్‌కి తగలడం వల్ల వస్తుంటుంది. అక్కడ చిన్న ఫెల్ట్ ముక్క అంటిస్తే చాలు.

మనసూ అంతే అండీ. ఆఫీసులో ఏదో భయం, ఇంట్లో అమ్మ మీద విసుగై వినిపిస్తుంది. భగవద్గీత 6వ అధ్యాయం 26వ శ్లోకంలో స్వామి, మనసు ఎటు పోతే అటు నుంచే వెనక్కి తెచ్చుకోమన్నాడు. ముందు ఎటు పోయిందో తెలియాలి కదా! రీల్స్ చూస్తూ కూర్చుంటే తెలియదు.

ఈ రాత్రి పది నిమిషాలు ఫోను పక్కన పెట్టి, దీపం ముందు కూర్చోండి. అసలు భయం ఏమిటో స్వామికి చెప్పుకోండి. తర్వాత అమ్మ దగ్గరికెళ్లి, “తిన్నావా అమ్మా?” అని అడగండి.

జై శ్రీకృష్ణ!