బండి ఎవరిది?

పోయినేడాది ముక్తేశ్వరంలో ఒక పాత జిప్సీ కొన్నాను. నా జీవితంలో మొదటి నాలుగు చక్రాల బండి అదే. జపాన్ సుజుకి జిమ్నీ నమూనాతో మారుతి వాళ్లు 1985 నుంచి మన దేశంలో తయారుచేసిన బండి. నా వెంట వచ్చిన మెకానిక్ కిందికి దూరి, ఛాసిస్ తుప్పు పట్టిందేమోనని సుత్తితో తట్టి చూశాడు. గోదావరి వరదలు చూసిన ఊరు మరి! నాలుగు చక్రాలూ లాగేలా వేసే లివరు మాత్రం బిగుసుకుపోయి ఉంది. "మాకు దాంతో పనేముందండీ మాస్టారూ, ఎత్తూపల్లం లేని నేల కదా" అన్నాడు అమ్మినాయన. బండిని పంటు మీద కోటిపల్లి రేవుకి దాటించి, రంపచోడవరం అవతల మా కొండకి తెచ్చాను.

ఆ లివరుకి మొదటి వారమే పని పడింది. అర్ధరాత్రి నొప్పులొచ్చిన మనిషిని ఆసుపత్రికి దించాను. తెల్లారి ఆమె భర్త అయిదు వందలు చేతిలో పెడితే తీసుకున్నాను.

డోలీ మోసినవాళ్లు కూలి అడగరు. నేనూ మోశాను, అడగలేదు. ఇవాళ నేను మోస్తే రేపు నా వాళ్లని ఇంకొకరు మోస్తారు, అది వంతు. మరి పెట్రోలు నా భుజం కాదా? కానీ డోలీకి భుజాలు మారతాయి, బండికి ఎప్పుడూ నా జీతం ఒక్కటే. అలాగని డబ్బు తీసుకుంటే లేనివాడు తలుపు తట్టడానికి జంకుతాడు. ఆ జంకులో ప్రాణం పోతే? అసలు జీతం నాదే అంటాను గానీ, నేను టీచరు ట్రైనింగులో ఉన్న రెండేళ్లూ మా పోడు చూసింది ఊరివాళ్లే.

ఆ డబ్బు తిరిగివ్వబోతే అతను నొచ్చుకున్నాడు. "మమ్మల్ని ముష్టివాళ్లని చేస్తావా బావా?" అన్నాడు. దీని గురించి నేను ఆలోచించనేలేదు.

మొన్న అతనే రెండు పనసకాయలు బండిలో పెట్టి వెళ్లాడు. అవి మాట్లాడకుండా తీసుకున్నాను.